ఒకే జబ్బు, ఒకే చీటీ, రెండు శరీరాలు: హార్ట్ ఫెయిల్యూర్ మందుల పర్యవేక్షణ సేవపై ఒక సమీక్ష

గుండె ఒంటికి సరిపడా రక్తాన్ని పంపలేకపోయే హార్ట్ ఫెయిల్యూర్‌కు మందులు రాసేవారికి కొదవ లేదు. రాసిన మాత్రను ఆ రోగి పేగులు ఎంత పీల్చుకుంటున్నాయి, కాలేయం ఎంత త్వరగా విరగ్గొడుతోంది, మూత్రపిండాలు ఎంత బయటికి పంపుతున్నాయి అని ఎప్పటికప్పుడు చూసుకునే ఏర్పాటు మాత్రం తక్కువ చోట్ల కనిపిస్తుంది. అటువంటి ఏర్పాటు ఒకటి ఒక హృద్రోగ ఆసుపత్రి ఓపీకి అనుబంధంగా, మందుల మోతాదు పర్యవేక్షణ సేవ అనే పేరుతో నడుస్తోంది. మా అమ్మ, ఆమె తమ్ముడైన మా మామయ్య ఇద్దరూ చాలాకాలంగా అందులో ఉన్నారు. ఇద్దరి ఫైళ్లూ చూసుకునేది నేనే. కొన్ని లోపాలు కూడా రాయవలసి ఉన్నందువల్ల ఆసుపత్రి పేరు ఇవ్వడం లేదు. నా అభిప్రాయం ముందే చెబుతాను. మోతాదును ఒకసారి తేల్చి వదిలేయకుండా, శరీరం మారినప్పుడల్లా మళ్లీ లెక్క చూడటం ఈ సేవకున్న బలం. ఆసుపత్రి గడప దాటిన తర్వాత ఆ లెక్క ఎవరి చేతిలోనూ లేకుండా పోవడం దీని బలహీనత.

సేవలో ఒక కార్డియాలజిస్టు, ఒక క్లినికల్ ఫార్మసిస్టు, ఈ పనిలో శిక్షణ పొందిన ఇద్దరు నర్సులు ఉంటారు. చేరిన రోజున ఫార్మసిస్టు ఇంట్లో ఉన్న మాత్రలన్నిటినీ, మానేసిన వాటితో సహా, బల్లమీద పెట్టమంటారు. ఏది భోజనంతో వేస్తున్నారు, ఏది పరగడుపున వేస్తున్నారు, మర్చిపోతే మరునాడు రెండు కలిపి వేస్తున్నారా, మోకాళ్ల నొప్పికి ఏం వాడుతున్నారు, నిద్రకు ఏం వాడుతున్నారు, మూలికల పొడులేమైనా ఉన్నాయా అని ఒక్కొక్క స్ట్రిప్పునూ చేతిలోకి తీసుకుని అడుగుతారు. మిగిలిన మాత్రలను లెక్కపెట్టి, కొన్న తేదీతో సరిచూస్తారు. శరీరం మందును ఎలా వాడుకుంటోందని ఆలోచించే ముందు మందు అసలు లోపలికి వెళ్తోందా అన్నది తేలాలి కదా. ఆ తర్వాత నర్సు కూర్చోబెట్టి ఒకసారి, "లేవండమ్మా, గోడ పట్టుకోవద్దు, నేను పక్కనే ఉన్నాను" అని నిలబెట్టి మూడు నిమిషాలు ఆగి మరోసారి బీపీ చూస్తారు. అమ్మకు కూర్చున్నప్పుడు 118 ఉన్న పై అంకె, నిలబడేసరికి 96కు దిగింది. అంతకుముందు వెళ్లిన ఓపీల్లో అన్నిచోట్లా కూర్చోబెట్టే చూసేవారు కాబట్టి, ఆమె ఉదయం పూట ఎందుకు తూలుతోందో ఎవరికీ తెలియలేదు.

ఇద్దరికీ ఎకోలో పంపింగ్, అంటే గుండె గది కొట్టుకున్న ప్రతిసారీ బయటికి నెట్టే రక్తం వాటా, 30 శాతానికి అటూ ఇటూగా ఉండేది. పంపింగ్ తగ్గిన హార్ట్ ఫెయిల్యూర్‌లో ఇప్పుడు నాలుగు వర్గాల మందులు కలిపి వాడతారు: సాక్యుబిట్రిల్-వాల్సార్టాన్ లేదా ఎనలాప్రిల్ వంటిది, ఒక బీటా బ్లాకర్, స్పైరోనోలాక్టోన్ వంటిది, డాపాగ్లిఫ్లోజిన్ లేదా ఎంపాగ్లిఫ్లోజిన్. చివరి వర్గానికి రోజుకు 10 మిల్లీగ్రాములు అన్న ఒకే మోతాదు ఉంటుంది. మిగిలిన మూడింటినీ తక్కువతో మొదలుపెట్టి, పెద్ద పరిశోధనల్లో ఫలితం చూపిన లక్ష్య మోతాదు వైపు మెల్లగా పెంచుతూ పోవాలి. ఆచరణలో ఆ పెంచడం ఎంత అరుదో అమెరికాలోని చాంప్-హెచ్‌ఎఫ్ రిజిస్ట్రీ 2018లో చూపించింది. మందులకు అర్హులైన రోగుల్లో, పై మూడు వర్గాలనూ ఒకేసారి లక్ష్య మోతాదులో వాడుతున్నవారు సుమారు 1 శాతమే. దీనికి వైద్యుల నిర్లక్ష్యం ఒక్కటే కారణమనుకోవడం తొందరపాటు అవుతుంది. ఒక రోగికి చాలీచాలని మోతాదు మరొకరికి మోయలేనిది కావచ్చు, అదే రోగికి రెండేళ్ల తర్వాత లెక్క తలకిందులూ కావచ్చు. మా ఇంట్లో ఈ రెండూ జరిగాయి.

మొదట నాడి వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్ సంగతి. ఇద్దరికీ మెటోప్రోలాల్ ఒకే మోతాదులో మొదలైంది. మామయ్య నాడి 84 దగ్గరే కదలకుండా ఉంటే, అమ్మ నాడి 48కి పడిపోయి, మెట్లెక్కడం మాట అటుంచి మంచం దిగడానికే ఓపిక లేదనేది. మెటోప్రోలాల్‌ను కాలేయంలో ప్రధానంగా సీవైపీ2డీ6 అనే ఎంజైమ్ విరగ్గొడుతుంది. ఈ ఎంజైమ్ పుట్టుకతోనే పనిచేయని వారు యూరప్ మూలాలున్న జనంలో 5 నుంచి 10 శాతం దాకా ఉంటారు, ఆసియా జనాభాల్లో అంతకంటే తక్కువ. అటువంటివారి రక్తంలో అదే మాత్ర కొన్ని రెట్లు ఎక్కువగా పేరుకుని, మామూలుగా మూడు నాలుగు గంటలుండే అర్ధాయువు (రక్తంలో మందు సగానికి తగ్గే సమయం) ఏడెనిమిది గంటలకు చేరుతుంది. అమ్మ విషయంలో అందరూ ముందుగా అనుమానించింది ఇదే. ఫార్మసిస్టు మాత్రం బల్లమీద పెట్టిన స్ట్రిప్పుల్లో పారోక్సెటీన్‌ను పట్టుకున్నారు. దిగులుకు మరో వైద్యుడు రాసిన ఆ మాత్ర సీవైపీ2డీ6ను గట్టిగా అడ్డుకుంటుంది కాబట్టి, జన్యువు ఎంత చక్కగా ఉన్నా దాన్ని వాడినంత కాలం ఆ మనిషి ఎంజైమ్ లేనివారి కిందే లెక్క. దిగులు మాత్ర జోలికి హఠాత్తుగా పోకుండా బీటా బ్లాకర్‌నే బిసోప్రోలాల్‌కు మార్చారు. అది సగం మారకుండానే మూత్రపిండాల ద్వారా పోతుంది, మిగతా సగానికీ ఈ ఎంజైమ్ మీద ఆధారపడటం తక్కువ. అమ్మ నాడి 60 పైకి వచ్చింది. నలుగురు వైద్యుల చీటీలను పక్కపక్కన పెట్టి చదివే మనిషి ఒకరుండటం వల్ల తేలిన విషయం ఇది. ఈ సేవకు నేనిచ్చే మార్కుల్లో పెద్ద వాటా ఆ ఫార్మసిస్టుకే చెందుతుంది.

మామయ్యకు తగిలిన చిక్కు నీరు మాత్రతో. ఫ్యూరోసెమైడ్ మాత్ర మింగితే సగటున సగం మాత్రమే రక్తంలోకి చేరుతుంది. ఆ సగటు వెనుక మనిషికీ మనిషికీ 10 శాతం నుంచి 100 శాతం దాకా తేడా ఉంటుంది, ఒకే మనిషిలో కూడా రోజుకూ రోజుకూ మారుతుంది, కడుపు నిండుగా ఉంటే ఇంకా తగ్గుతుంది. పైగా ఈ మందు స్వభావం మెట్టు లాంటిది: మూత్రపిండాల్లో ఒక గాఢత దాటితే తప్ప పని చేయదు, దాటిన తర్వాత ఎంత పెంచినా ఆ పూటకు అంతకు మించి లాభం ఉండదు. మామయ్యకు కాళ్లతో పాటు పొట్ట కూడా నీరు పట్టింది. గుండె వెనుకబడినప్పుడు పేగుల గోడలకూ వాపు వస్తుంది. మాత్ర మెల్లమెల్లగా లోపలికి వెళ్లడం వల్ల రక్తంలో ఆ గాఢత ఎప్పటికీ మెట్టు ఎక్కదు. ఆయన పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి వేసుకుంటూ, "ఇంతకుముందు గంటలో నాలుగుసార్లు పరిగెత్తించేదమ్మా, ఇప్పుడు ఏ మందూ వేసుకోనట్టే ఉంది" అనేవారు. అంతకుముందు చూపించుకున్న చోట ఉప్పు మానడం లేదని ఆయననే తప్పుపట్టి పంపారు. ఇక్కడ నర్సు ఉప్పు సంగతి కూడా అడిగారు గానీ, మాత్ర వేసిన తర్వాత ఎంతసేపటికి మూత్రం మొదలవుతోంది, ఎన్ని గంటలు నడుస్తోంది అని రాసి పెట్టమన్నారు. ఆ కాగితం చూసి కొన్ని రోజులు నరానికి ఇంజెక్షన్ ఇచ్చి నీరు తీయించి, ఆ తర్వాత 80 నుంచి 100 శాతం దాకా రక్తంలోకి చేరే టార్సెమైడ్‌కు మార్చారు.

ఇక్కడ సేవ చూపిన నిజాయితీని ప్రస్తావించాలి. కొత్త మాత్ర అన్నివిధాలా మేలైనదని వారు చెప్పలేదు. ఆసుపత్రిలో చేరిన 2,859 మంది హార్ట్ ఫెయిల్యూర్ రోగులతో ఈ రెండు మాత్రలనూ పోల్చిన ట్రాన్స్‌ఫార్మ్-హెచ్‌ఎఫ్ అనే పరిశోధన ఫలితాలు 2023లో ప్రచురితమయ్యాయనీ, మరణాల్లో రెంటికీ తేడా కనిపించలేదనీ, అందరికీ మార్చవలసిన పని లేదనీ డాక్టరు గారే చెప్పారు. సగటున తేడా లేకపోవడం వేరు, పేగులు వాచిన ఈ ఒక్క మనిషికి ఈ వారంలో ఏది పనికొస్తుందన్నది వేరు. ఈ రెండింటినీ కలపకుండా మాట్లాడే వైద్యులు తక్కువ కాబట్టి ఆ సంభాషణ నాకు గుర్తుండిపోయింది.

అసలు పరీక్ష వాపు తగ్గాక వచ్చింది. పొట్టలో నీరు పోయి పేగులు కుదుటపడగానే అదే మోతాదు ఆయనకు ఎక్కువైంది. బరువు పడిపోయి, మూత్రపిండాలు వడపోయవలసిన వ్యర్థమైన క్రియాటినిన్ రక్తంలో పెరిగి, కళ్లు తిరగడం మొదలైంది. ఇది ముందే ఊహించి రెండు వారాలకు రక్తపరీక్ష పెట్టి ఉంచారు కాబట్టి సగానికి తగ్గించడం సులువైంది. అయితే ఏడాది గడిచేసరికి ఆ తగ్గించిన మోతాదు చాలడం మానేసింది. నీరు మాత్రను నెలల తరబడి వాడినప్పుడు, మందు పనిచేసే చోటుకు దిగువనున్న మూత్రనాళికల కణాలు పెరిగి, పైన వదిలేసిన ఉప్పును మళ్లీ పట్టుకోవడం నేర్చుకుంటాయట. అప్పుడు అదే మాత్రను పెంచుకుంటూ పోకుండా, దిగువన పనిచేసే మరో మందును కొద్ది రోజులు జోడించి, సోడియం, పొటాషియం దగ్గరగా చూస్తూ ఆపేశారు. ఒకే మనిషికి, ఒకే జబ్బుకు, ఏడాదిన్నర వ్యవధిలో నీరు మాత్ర చాలకపోవడం, ఎక్కువ కావడం, మళ్లీ చాలకపోవడం, మూడింటికీ కారణాలు వేర్వేరుగా ఉండటం నాకు వింతగా తోచింది. ఫైల్లో వరుసగా ఉన్న చీటీలను మాత్రమే చూసేవారికి ఇదంతా వైద్యుడి తడబాటులా కనిపిస్తుంది.

అమ్మకు గుండె లయ తప్పడం కూడా ఉన్నందువల్ల తక్కువ మోతాదులో డిగాక్సిన్ ఇచ్చారు. ఈ సేవ ఎంత శ్రద్ధగా పని చేస్తుందో తెలుసుకోవడానికి దీనికంటే మంచి కొలమానం లేదు. ఇంగ్లండు వైద్యుడు విలియం విథరింగ్ 1785లో ఈ కోవ మందుకు మూలమైన ఫాక్స్‌గ్లోవ్ మొక్క గురించి రాసిన నాటి నుంచీ ఈ మందులో మేలు చేసే మోతాదుకూ విషమయ్యే మోతాదుకూ మధ్య ఎడం చాలా తక్కువన్నది తెలిసిందే. హార్ట్ ఫెయిల్యూర్‌లో రక్తంలో మిల్లీలీటరుకు 0.5 నుంచి 0.9 నానోగ్రాముల మధ్య ఉంచాలని చూస్తారు. మందులో ఎక్కువ భాగం మూత్రపిండాల ద్వారానే పోతుంది. అవి బాగుంటే అర్ధాయువు 36 నుంచి 48 గంటలు, బాగా దెబ్బతింటే నాలుగైదు రోజులు. అమ్మ క్రియాటినిన్ మొదటి రిపోర్టులో 1.0, మూడేళ్ల తర్వాతి రిపోర్టులోనూ 1.0. మామూలు ఓపీలో ఆ అంకె పక్కన టిక్కు పెట్టి పంపేస్తారు. ఇక్కడ ఫార్మసిస్టు నా ఎదుటే కాగితం మీద, వయసు, బరువు, క్రియాటినిన్ అంకెలతో వడపోతను అంచనా వేసే కాక్‌క్రాఫ్ట్-గాల్ట్ సూత్రం వేసి చూపించారు. 71 ఏళ్ల వయసులో 56 కిలోలున్నప్పుడు ఆమె మూత్రపిండాల వడపోత నిమిషానికి దాదాపు 46 మిల్లీలీటర్లు; 74 ఏళ్లకు 44 కిలోలకు చిక్కిపోయాక అదే క్రియాటినిన్‌తో 34. కండ కరిగిపోయినవారిలో క్రియాటినిన్ తయారు కావడమే తగ్గుతుంది కాబట్టి, మూత్రపిండాలు నెమ్మదించినా రిపోర్టులో అంకె మంచిదిగానే కనబడుతుంది. అలా చిక్కిపోవడం హార్ట్ ఫెయిల్యూర్ ముదిరినవారిలో అరుదేమీ కాదు. ఆ కాగితం చూశాక డిగాక్సిన్‌ను రోజు విడిచి రోజుకు మార్చారు, బిసోప్రోలాల్ మోతాదునూ పునరాలోచించారు.

డిగాక్సిన్ విషయంలోనే సేవ బయట జరిగిన ఒక పొరపాటు కూడా చెప్పాలి. రక్తంలో దాని స్థాయి చూడాలంటే మాత్ర వేసిన తర్వాత కనీసం ఆరు గంటలు ఆగాలి. అంతకుముందు తీస్తే మందు ఇంకా కణజాలంలోకి సర్దుకోకముందే కొలిచినట్టవుతుంది. మేము వెళ్లిన బయటి ల్యాబులో మాత్ర ఎప్పుడు వేశారని అడగకుండానే పొద్దున్నే రక్తం తీశారు, అంకె భయపెట్టేంతగా వచ్చింది. సేవలోని నర్సు రిపోర్టు చూసిన వెంటనే అడిగిన మొదటి ప్రశ్న, "మాత్ర ఎన్నింటికి వేశారు, రక్తం ఎన్నింటికి తీశారు" అన్నది. మళ్లీ సరైన సమయానికి తీయిస్తే 0.8 వచ్చింది. ఈ మందుకు గుండె లయ కోసం వాడే అమియోడరోన్ తోడైతే మోతాదు సగానికి తగ్గించవలసి వస్తుందనీ, క్లారిత్రోమైసిన్ వంటి యాంటీబయాటిక్ పడితే స్థాయి పెరుగుతుందనీ ఒక చిన్న కార్డు మీద రాసి ఇచ్చారు. కొందరి పేగుల్లో ఉండే ఎగర్తెల్లా లెంటా అనే బ్యాక్టీరియా డిగాక్సిన్‌ను నిర్వీర్యం చేస్తుందని కూడా అప్పుడే విన్నాను; పదిమందిలో ఒకరికి మందులో చెప్పుకోదగ్గ భాగం అలా వృథా అవుతుందట. కాలేయం, మూత్రపిండాల తేడాలు చాలవన్నట్టు పేగుల్లో కాపురమున్న జీవుల తేడా కూడా లెక్కలోకి వస్తుందంటే, ఒకే చీటీ అందరికీ నప్పాలని ఆశించడమే అత్యాశ అనిపించింది.

స్పైరోనోలాక్టోన్ గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. దాని ప్రమాదం పొటాషియం పెరగడం, దానికి విరుగుడు వేళకు రక్తపరీక్ష. 1999లో రేల్స్ పరిశోధన దాని మేలును నిరూపించాక కెనడాలోని ఒంటారియోలో వాడకం ఒక్కసారిగా పెరిగి, పొటాషియం ఎక్కువై ఆసుపత్రి పాలైనవారు కూడా పెరిగారని 2004లో తేలింది. ఈ సేవలో మొదలుపెట్టిన వారానికి, నాలుగు వారాలకు, ఆ పైన క్రమం తప్పకుండా పరీక్ష ఉంటుంది, రాకపోతే ఫోను వస్తుంది. అలా పిలిచి చేసిన ఒక పరీక్షలోనే మామయ్య పొటాషియం 5.8 అని బయటపడింది. కారణం మోకాలి నొప్పికి వేరే చోట రాసిన డైక్లోఫెనాక్. అది మూత్రపిండాలకు రక్తాన్ని తగ్గించి, నీరు మాత్ర పనిని చెడగొట్టి, పొటాషియంను లోపలే ఉంచేస్తుంది. ఆ మాత్ర ఆపించి, స్పైరోనోలాక్టోన్ సగం చేసి, మూడో రోజు మళ్లీ రక్తం తీశారు.

మోతాదును ఎంత వేగంగా పెంచాలన్న విషయంలో సేవ పద్ధతి నాకు నచ్చింది. స్ట్రాంగ్-హెచ్‌ఎఫ్ అనే పరిశోధన 2022లో, ఆసుపత్రి నుంచి ఇంటికి వెళ్లిన రెండు వారాల్లోనే మందులను పూర్తి మోతాదుకు పెంచి, దగ్గరగా చూసుకుంటూ వచ్చినవారిలో 180 రోజుల్లో మరణం లేదా మళ్లీ హార్ట్ ఫెయిల్యూర్‌తో ఆసుపత్రిలో చేరడం 15.2 శాతమనీ, మామూలుగా చూసుకున్నవారిలో 23.3 శాతమనీ చూపింది. మామయ్యకు ఈ దారినే పట్టారు. అమ్మకు మాత్రం సగం మోతాదు దగ్గర ఆగి, ఆగడానికి కారణం చెప్పారు. పంపింగ్ తగ్గిన స్త్రీలలో బీటా బ్లాకర్లు, ఎనలాప్రిల్ వర్గమైన ఏసీఈ ఇన్హిబిటర్ల వంటి మందులు సిఫారసు మోతాదులో సగం దగ్గరే గరిష్ఠ ప్రయోజనం చూపినట్టు యూరప్ రోగుల సమాచారంతో 2019లో ఒక విశ్లేషణ వచ్చింది. అది పరిశీలన మాత్రమే, లాటరీ పద్ధతిలో రోగులను రెండు జట్లుగా విడదీసి చేసిన ప్రయోగం కాదని కూడా డాక్టరు గారు అన్నారు. చిన్న ఒళ్లు, నెమ్మదించిన వడపోత, నిలబడితే దిగే బీపీ ఉన్న మనిషికి పూర్తి మోతాదు కోసం పట్టుబట్టకపోవడాన్ని నేను తప్పుపట్టలేను.

ఇక జన్యు పరీక్ష సంగతి. సేవలో చేరేటప్పుడు, మీ శరీరం మందులను ఎలా జీర్ణించుకుంటుందో ఒక్క పరీక్షతో జీవితాంతానికి తెలుసుకోండి అని రంగురంగుల కరపత్రం ఒకటి చేతిలో పెట్టి, అదనపు రుసుముతో దాన్ని అంటగడతారు. మేము అమ్మకు చేయించాము. సీవైపీ2డీ6 మామూలుగా పనిచేస్తోందని, మెటోప్రోలాల్ మామూలు మోతాదులో వాడవచ్చని ఆకుపచ్చ గుర్తుతో రిపోర్టు వచ్చింది. అప్పటికి పారోక్సెటీన్ వల్ల ఆమె నాడి 48. రిపోర్టులో తప్పేమీ లేదు. ఆ జన్యువు అలాగే ఉంది. కానీ ఆ రోజు ఆమె కాలేయంలో జరుగుతున్న పనికి దానికీ పొంతన లేదు. పైన చెప్పిన కష్టాల్లో, అంటే పేగుల వాపు, కండ కరగడం, మూత్రపిండాలు నెమ్మదించడం, నొప్పి మాత్రలు, వీటిలో ఒక్కదాన్నయినా ఆ పరీక్ష పట్టుకునేది కాదు. కారణం తెలియకుండా నాడి పడిపోయినవారికో, మందు మొదలుపెట్టే ముందు వైద్యుడు ప్రత్యేకంగా కోరినప్పుడో అది పనికిరావచ్చు. చేరిన ప్రతివారికీ ముందు వరుసలో దాన్ని అమ్మడం ఈ సేవ స్థాయికి తగదు. ఉచితంగా వచ్చిన ఫార్మసిస్టు పది నిమిషాల సంభాషణ ఇచ్చిన సమాధానాన్ని డబ్బు కట్టిన పరీక్ష ఇవ్వలేకపోయింది.

రెండో ఫిర్యాదు రాతపని మీద. మోతాదు మారినప్పుడు ఫోనుకు సందేశం వస్తుంది. కొత్త మోతాదు ఉంటుంది గానీ ఎందుకు మారిందో ఉండదు. కొత్త చీటీలో ఆపేసిన మందుల పేర్లు కొట్టివేసినట్టు చూపకుండా పూర్తిగా మాయమవుతాయి. దీని ఫలితం మామయ్య న్యుమోనియాతో వేరే ఆసుపత్రిలో చేరినప్పుడు చూశాము. అక్కడివారు పాత చీటీ ఆధారంగా డిశ్చార్జిలో ఫ్యూరోసెమైడ్ రాశారు, ఇంట్లో టార్సెమైడ్ ఉంది, ఆయన రెండూ వేసుకున్నారు. రోజురోజుకూ బరువు తగ్గుతుంటే మంచిదే కదా అనుకున్నారు; లేచి నిలబడలేనప్పుడు గానీ నాకు చెప్పలేదు. అది సెలవు రోజు. సేవ ఫోను మోగుతూనే ఉంది, ఎవరూ ఎత్తలేదు. అత్యవసర విభాగానికి వెళ్లి సరిచేయించుకున్నాము. ఈ తప్పులో సగం ఆ ఆసుపత్రిది, కాదనను. మిగతా సగం మాత్రం, ఏది ఆపారో ఎందుకు ఆపారో ఒక్క పేజీలో రాసి ఇవ్వని సేవది. హార్ట్ ఫెయిల్యూర్ రోగి ఎప్పుడైనా మరో ఆసుపత్రి గడప తొక్కవలసి రావచ్చన్నది వారికి తెలియని విషయమా? మరుసటి పని దినాన ఫార్మసిస్టు స్వయంగా ఫోను చేసి వివరాలు తీసుకున్నారు, క్షమించమన్నారు. చీటీ నమూనా మాత్రం ఇప్పటికీ అలాగే ఉంది.

ఇదే కోవలో ఇంకొక చిన్న విషయం. సాక్యుబిట్రిల్ వాడేవారిలో, గుండె మీద భారాన్ని తెలిపే ఒక హార్మోనును కొలిచే బీఎన్‌పీ పరీక్ష పెరిగినట్టు చూపవచ్చు, ఎందుకంటే ఆ హార్మోనును విరగ్గొట్టే ఎంజైమ్‌నే ఆ మందు అడ్డుకుంటుంది. ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ అనే దాని జోడు పరీక్ష మీద ఆ ప్రభావం ఉండదు. సేవ రాసే పరీక్షల చీటీలో ఉత్తగా బీఎన్‌పీ అని ఉండటం వల్ల బయటి ల్యాబు అదే చేసింది, అమ్మకు జబ్బు ముదిరిందేమోనని ఇంటిల్లిపాదీ కంగారుపడ్డాము. ఒక్క పదం చేర్చి రాస్తే పోయేది.

ఇటీవల అమ్మ ఎకోలో పంపింగ్ 48 శాతానికి వచ్చింది. ఇన్ని మాత్రలు ఇంకెందుకు, ఒక్కొక్కటే మానేస్తానని ఆమె పట్టుబట్టింది. డాక్టరు గారు కసరకుండా కూర్చోబెట్టి ట్రెడ్-హెచ్‌ఎఫ్ ప్రయోగం గురించి చెప్పారు: డైలేటెడ్ కార్డియోమయోపతీ (గుండె గది సాగి బలహీనపడే జబ్బు) నుంచి గుండె కోలుకున్న రోగులు పర్యవేక్షణలోనే మందులు మానితే ఆరు నెలల్లో దాదాపు 40 శాతం మందికి జబ్బు తిరగబెట్టింది. పంపింగ్ పెరగడం మందు లోపల ఉన్నందువల్లేనని ఆమెకు అర్థమయ్యేలా చెప్పి, మానడానికి ఒప్పుకోకుండా, నీరు మాత్రను మాత్రం వాపు వచ్చినప్పుడే వేసుకునేలా మార్చారు. ఆమె మాత్రల సంఖ్య తగ్గాలన్న కోరికా కొంత తీరింది.

ఐదుకు నాలుగు ఇస్తాను. రాతపనీ సెలవు రోజు ఫోనూ సరిచేస్తే ఆ మిగిలిన ఒకటి కూడా ఇవ్వడానికి అభ్యంతరం లేదు. వయసు మళ్లినవారికి, బరువు తగ్గిపోతున్నవారికి, మూత్రపిండాలు అంతంతమాత్రంగా ఉన్నవారికి, ఇద్దరు ముగ్గురు వైద్యుల దగ్గర మందులు తీసుకునేవారికి, ఈమధ్యే ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చినవారికి ఇటువంటి సేవ దొరికితే చేరడం మంచిది. జన్యు పరీక్షను వైద్యుడు కారణం చెప్పి అడిగితే తప్ప చేయించకండి. చీటీ మారిన ప్రతిసారీ ఏది ఆపారు, ఎందుకు ఆపారు అని అడిగి అక్కడికక్కడే మీ చేత్తో రాసుకుని, ఆ కాగితాన్ని ఫైలు మొదటి పేజీలో పెట్టుకోండి. మందులు స్థిరపడి, బరువు మారకుండా ఉండి, వేళకు పొటాషియం, క్రియాటినిన్ చూసి నాడి పట్టుకుని మాట్లాడే వైద్యుడు ఇప్పటికే మీకు ఉంటే మాత్రం, ఆయన్ను వదిలి ఇక్కడికి రావడం వల్ల అదనంగా కలిసొచ్చేది పెద్దగా లేదు.